బ్యాటరీకి పసుపు

బుధవారం, రాత్రి

రేపు మా ఇంటిదానికి నంద్యాలలో కంటి ఆపరేషన్. దారిలో ఘాట్ దాటాలి. మొన్నటి నుంచి కారులో బ్రేకుల లోపం చూపే ఏబీఎస్ లైటు ఆరడం లేదు. దిగుడులో బ్రేకు పడకపోతే ఎట్లా అని నాకు నిద్ర లేదు.

ఈ రోజు కంభంలో ఎలక్ట్రీషియన్ మస్తాన్‌కు చూపించాను. మీటరు పెట్టి, ఏబీఎస్‌కు వోల్టేజి తక్కువ వస్తోందన్నాడు. బ్యాటరీ కొత్తదే కదా అన్నాను. అతను బ్యాటరీ క్లిప్పు ఊడదీసి నవ్వాడు.

"ఏంది మామా, బ్యాటరీని పెండ్లికూతుర్ని చేసినారా?"

క్లిప్పు లోపల పసుపు ఎండి గట్టిపడి ఉంది. కొత్త బ్యాటరీ బిగించేముందు మా ఇంటిదే పూజ చేసి పూసింది. నేను తల వంచుకున్నాను. అతను గీకి, తుడిచి, బిగించాడు. లైటు ఆరిపోయింది.

"కరెంటు చాలకనే మామా. బ్రేకులు బాగుండాయి, నిమ్మళంగా పోయి రా."

తిరిగి వస్తూ ఖాళీ రోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కి చూశాను. బాగా పడింది. గుండె కుదుటపడింది.

"ఏమైందంట?" అని అడిగింది మా ఇంటిది.

"వైరు వదులైందంట" అన్నాను. ఆపరేషన్ ముందు ఆమెను నొప్పించడం ఎందుకు?

"అయితే పొద్దున బ్యాటరీకి ఇంకోసారి పసుపు పూస్తాలే."

"టైర్లకు పెట్టు, చాలు" అన్నాను.

మసక కన్నే అయినా, నన్ను అదోలా చూసింది...