అక్క అడిగిన టానిక్కు

ఆన్‌లైన్‌లో బలం మందులు అమ్మే కంపెనీ వారికి,

రిటైరైన టైలరు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. మీరు పంపిన టానిక్కు సీసా కూడా క్షేమంగానే చేరింది. లోపలున్న సరుకు గురించే ఈ ఉత్తరం.

మీ వెబ్‌సైటులో ఫిర్యాదు రాసుకోమని ఒక గడి ఇచ్చారు. అది చొక్కా జేబంత కూడా లేదు. అందుకని కాగితం మీద రాసి, వాపసు పంపే సీసాతో పాటు డబ్బాలో పెడుతున్నాను.

టానిక్కు నాకు కాదు, మా అక్కకు. మా అక్క ఊరికి ఆ చివర ఒక్కతే ఉంటుంది. ఈ మధ్య నోటికి ఏదీ సయించడం లేదని ఫోనులో నీరసంగా చెప్పింది. "చిన్నప్పుడు అమ్మ పోసేది చూడు, ఆ టానిక్కు ఒక్క చెంచాడు పడితే లేచి కూర్చుంటానురా" అంది. దాని పేరు ఇద్దరికీ గుర్తు లేదు. సీసా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉండేది, అంతే. మీ దగ్గర అలాంటి బొమ్మే కనబడితే పక్కింటి అమ్మాయి చేత ఆర్డరు పెట్టించాను.

బొమ్మ అదే గానీ రుచి అది కాదు. అప్పటిది నాలుక మీద తియ్యగా మొదలయ్యేది, వెనకాలే చిరుచేదు వచ్చేది, మింగాక గొంతులో ఇనుము వాసన కాసేపు నిలిచేది. మీది మొదటి నుంచి చివరి దాకా దగ్గు మందే. దయచేసి అసలుది పంపగలరు.

ఇట్లు,
టైలరు

తా.క. సీసాలో రెండు చెంచాలు తక్కువ ఉంటుంది. ఒకటి అక్క, ఒకటి నేను. చొక్కా తొడుక్కోకుండానే బిగుతైందని గొడవపడే కస్టమర్లను జీవితమంతా చూశాను. నేను ఆ రకం కాదు.

*

గౌరవనీయులైన కస్టమరు గారికి,

మీ అభిప్రాయం మాకు అమూల్యమైనది. మా టానిక్కు మీకు ఆశించిన ఫలితం ఇవ్వనందుకు చింతిస్తున్నాము. క్రమం తప్పకుండా వాడితేనే గుణం కనిపిస్తుందని మనవి.

మీ ఫిర్యాదు 'రుచి' అనే శీర్షిక కింద నమోదైంది. అదే టానిక్కును నారింజ, స్ట్రాబెర్రీ, చాక్లెట్ రుచులలో పంపుతున్నాము. కండలు తిరిగిన శరీరం పట్ల మీకున్న ఆసక్తిని గమనించి ప్రొటీన్ పొడి డబ్బా కూడా జత చేస్తున్నాము.

మీ ఆరోగ్యమే మా ఆనందం.
ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క. ఈ టానిక్కు కొన్నవారు నడుము బెల్టు కూడా కొన్నారు.

*

ఫిర్యాదుల విభాగం వారికి,

టైలరు నమస్కారాలు. మీ ఉత్తరం చదివాను. అది నా కొలతలు తీసుకుని కుట్టింది కాదు, రెడీమేడు. ఎవరికైనా పడుతుంది, ఎవరికీ నప్పదు. నాకైతే భుజాల దగ్గర బాగా వదులు.

అయినా మీరు పంపినవన్నీ సంచీలో సర్దుకుని, రెండు చెంచాలు రుమాల్లో చుట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. వంటింట్లో టేబులు ముందు ఎదురుబొదురుగా కూర్చుని ఒక్కో సీసా మూత తీశాం. నారింజకు అక్క మొహం చిట్లించింది. స్ట్రాబెర్రీకి కిటికీలోంచి బయటికి చూసింది. చాక్లెట్‌కు మాత్రం కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, "కొంచెం దగ్గరికొచ్చిందిరా, ఇంకా వెతుకు" అంది. దగ్గరికి ఎలా వచ్చిందో నాకైతే అంతుపట్టలేదు. అది టానిక్కో, బిడ్డల పుట్టినరోజు కేకో తెలియలేదు.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆ సీసాల మూతలు తీశాక అక్క లేచి వంట చేసింది, నాకు పెట్టింది, తనూ తింది. టానిక్కు వాసనకే ఆకలి పుట్టినట్టుంది. ఆ కాస్త దానికే ఇలా ఉంటే, అసలుది దొరికితే మా అక్క మళ్ళీ మునుపటి మనిషవుతుంది. అందుకే వదలను. ఈ మూడు సీసాలూ వాపసు పంపుతున్నాను.

ఇట్లు,
టైలరు

తా.క. కండలు నాకెందుకండీ. ఈ వయసులో చొక్కాలన్నీ మళ్ళీ విప్పి కుట్టుకోవాలి.

*

గౌరవనీయులైన కస్టమరు గారికి,

మీ భుజాలు వదులుగా ఉన్నాయని తెలిసి బాధపడ్డాము. కీళ్ళు, కండరాల పటుత్వానికి మా ప్రత్యేక మాత్రలు పంపుతున్నాము. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకోగలరు.

మీరు మనసు విప్పి రాసిన ప్రశంసకు ధన్యవాదాలు. "టానిక్కు వాసనకే ఆకలి పుట్టింది - ఒక టైలరు" అన్న మీ మాటలను మా వెబ్‌సైటు మొదటి పేజీలో అయిదు నక్షత్రాలతో ప్రచురించాము.

మీ ఆరోగ్యమే మా ఆనందం.
ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క. పుట్టినరోజు కేకు మా వద్ద లభించదు. చింతిస్తున్నాము.

*

అయ్యా,

నా భుజాలు భేషుగ్గా ఉన్నాయి. వదులుగా ఉన్నది మీ జవాబు. ఆ మాత్రల సీసా మూత కూడా తీయకుండా వాపసు పంపుతున్నాను. ఆ నక్షత్రాలు కూడా వెంటనే పీకేయండి. వీధి చివర మందుల షాపు ఆయన నన్ను ఆపి, "ఇంటర్నెట్లో మోగిపోతున్న ఆ టైలరు మీరేగా మాస్టారూ" అన్నాడు. తలెత్తుకోలేకపోయాను.

ఒక్క మాట చెప్తాను, కోప్పడకండి. నాకూ ఒక కొట్టు ఉండేది. వీధి మలుపులో చిన్న గది, గుమ్మం వైపు మిషను, వెనక గోడకు అద్దం. కస్టమరు చొక్కా బిగుతైందని వస్తే, ఆయన లావయ్యాడని నేను ఏనాడూ అనలేదు. గుడ్డ ముడుచుకుపోయి ఉంటుంది లెండి, ఇలా ఇవ్వండి అనేవాణ్ణి. తర్వాత టేపు తీసి మళ్ళీ కొలిచేవాణ్ణి. కొలిచేటప్పుడు మనిషి తన గోడు మొత్తం చెప్పుకునేవాడు. సగం ఫిర్యాదు అక్కడే తీరిపోయేది. ఇప్పుడు ఆ గదిలో సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. అద్దం మాత్రం అక్కడే ఉంది. దాని ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే అవతలి పక్కకు దాటిపోతాను.

మీరు నన్నోసారి కొలవండి. నేను అడిగింది మా అమ్మ పోసిన టానిక్కు. అంతకంటే ఒక్క అంగుళం ఎక్కువ అడగలేదు.

ఇట్లు,
టైలరు

తా.క. మీ ప్రొటీన్ పొడిని అక్క గులాబీ మొక్కకు వేసింది. దానికి మాత్రం భుజాలు వచ్చాయి.

*

గౌరవనీయులైన కస్టమరు గారికి,

మీ ఖాతా నుంచి మూత తీసిన సీసాలు పదేపదే వాపసు వస్తున్నందున, మా నియమాల ప్రకారం మీ ఖాతా నిలిపివేయబడింది. ఇకపై మీ ఆర్డర్లు స్వీకరించబడవు.

మీ ఆరోగ్యమే మా ఆనందం.
ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క. మాస్టారూ, పైన అచ్చైనది మిషను పని. నేను ఈ విభాగంలో పనిచేసే అమ్మాయిని, ఇది నా చేతిరాత. మీ ఉత్తరాలు వచ్చేది నా టేబులు మీదికే, కానీ ఇన్నాళ్ళూ ఒక్కటీ పూర్తిగా చదవలేదు. ముఖ్యమైన మాటలు ఏరి మిషనుకిస్తే జవాబు అదే కుడుతుంది. గులాబీ మొక్క భుజాల దగ్గర నవ్వొచ్చి, అన్నీ తీసి మొదటి నుంచి చదివాను. నక్షత్రాలు పీకేశాను. ఖాతా సంగతి మాత్రం నా చేతుల్లో లేదు.

*

చేతిరాత అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు మనిషివని తెలిసి ప్రాణం కుదుటపడింది. ఇన్నాళ్ళూ గోడతో పోట్లాడుతున్నాననుకున్నాను.

ఈ వారం అక్క దగ్గరికి వెళ్ళలేదు. ఏం పట్టుకుని వెళ్ళను? ఫోను చేసింది, ఎత్తలేదు. ఎత్తితే ఏమైందిరా అంటుంది. కంపెనీ వాళ్ళు గెంటేశారని ఏ మొహంతో చెప్పను? చెంచాలు రెండూ రుమాల్లో అలాగే ఉన్నాయి.

చిన్నప్పుడు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అమ్మ బీరువా తాళం తీసేది. ఆ చప్పుడుకే మేమిద్దరం ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవాళ్ళం. అమ్మ సీసా వెలుతురుకు పట్టి చూసుకుని, మూత తీసి ఒక్కో చెంచా పోసేది. అక్క ముందు, నేను తర్వాత. మింగాక చెంచా వెనక్కి తిప్పి నాకేవాళ్ళం. అప్పుడు నేను చెయ్యి మడిచి కండ చూపించేవాణ్ణి. సీసా మీది మనిషి కంటే నీదే గట్టిగా ఉందిరా అని అమ్మ నమ్మకంగా చెప్పేది. ఆ మాట నిజమనుకుని స్కూల్లో పెద్దవాళ్ళతో కలబడి తన్నులు కూడా తిన్నాను.

అమ్మ లేదు. కొట్టు లేదు. ఆ చెంచా నాకినవాళ్ళలో ఇంకా మిగిలింది నేనూ అక్కే. ఆవిడ తిండి తినకపోతే నాకు భయంగా ఉంటుందమ్మా.

ఇట్లు,
టైలరు

తా.క. నీ చేతిరాతలో అక్షరాలు కుడివైపుకు వాలుతున్నాయి. కాగితం కాస్త తిప్పి పెట్టుకో, నిటారుగా వస్తాయి. మిషను మీద గుడ్డకైనా అంతే.

*

మాస్టారు గారికి,

నమస్కారాలు. కాగితం తిప్పి పెట్టుకుని రాస్తున్నాను, చూడండి.

మీ ఉత్తరం పట్టుకుని మా మేనేజరు గది ముందు నిలబడ్డాను. చదివి, కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, ఖాతా తెరవమన్నారు. అంతే కాదు, మందులకు రుచులు కలిపే నిపుణుడు మా దగ్గరే ఒకాయన ఉన్నారు. తీపి, చిరుచేదు, చివర ఇనుము వాసన అని మీరు రాసినది ఆయనకు చూపించాను. ఎంత కష్టమైనా మీ అమ్మ గారి టానిక్కు రుచి అచ్చుగుద్దినట్టు తెస్తానని పంతం పట్టారు. మొదటి ప్రయత్నం ఈ డబ్బాలోనే ఉంది. అక్కయ్య గారు రుచి చూసి, ఏం తగ్గిందో, ఏం ఎక్కువైందో చెబితే చాలు, రెండోసారికి అదే రుచి వచ్చి తీరుతుందట. ఇక మీరు వెతకనక్కర లేదు.

ఇట్లు,
చేతిరాత అమ్మాయి

తా.క. మీ ఆరోగ్యమే మా ఆనందం. ఈసారి ఇది నేనే రాశాను.

*

చిరంజీవి చేతిరాత అమ్మాయికి,

టైలరు అక్క ఆశీర్వదించి రాసేది. మావాడు ఇక్కడ మర్చిపోయిన డబ్బా మీద మీ ఆఫీసు అడ్రసు ఉంటే రాస్తున్నాను. నిన్న వాడు ఫోనులో నీ ఉత్తరం చదివి వినిపించి, కంపెనీ వాళ్ళు అమ్మ టానిక్కు తయారుచేస్తున్నారని పొంగిపోతూ చెప్పాడు. ఫోను పెట్టగానే కాగితం, కలం వెతుక్కున్నాను. తల్లీ, ఆ పని మాత్రం చెయ్యొద్దు.

కొట్టు మూసేశాక మా తమ్ముడు మెడలో టేపు తియ్యకుండా, గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. రారా అంటే "వచ్చి ఏం చెయ్యను" అనేవాడు. వాడి స్వభావమే అంత. కొలతలకో, కుట్టిన బట్ట ఇవ్వడానికో తప్ప ఊరికే ఒకరి గడప తొక్కడం వాడికి ఏనాడూ చేతకాలేదు, సొంత అక్క ఇల్లయినా సరే. అందుకని వాడికి ఒక పని పెట్టాను. తిండి సయించడం లేదన్నాను. టానిక్కు కావాలన్నాను.

నాకు తిండికేం లోటు లేదు. వాడు వచ్చిన రోజున మొదట కాస్త నసిగి, తర్వాత వాడికి వడ్డిస్తూ నేనూ తింటాను. వాడు తినడం చూడాలి నువ్వు. సీసాల మీద, మీ మీద, ప్రపంచం మీద తిట్లు తిడుతూ రెండోసారి వడ్డించుకుంటాడు. మీకు రాసే ఉత్తరాలు ముందు నాకు చదివి వినిపిస్తాడు. వాడి మొహంలో మళ్ళీ రక్తం వచ్చింది. మీ మందుల్లో ఏది పనిచేసిందంటే ఏం చెప్పను, వాటి మీద ఫిర్యాదు చెయ్యడం పనిచేసింది. పోయిన వారం వాడు రాలేదు, ఫోను ఎత్తలేదు. అప్పుడు నాకు నిజంగానే ముద్ద దిగలేదు.

ఇంకో మాట. బొమ్మ సీసాలో అసలు టానిక్కు ఉన్నది ఒక్కసారే, వాడికి పెద్ద జ్వరం వచ్చి తగ్గినప్పుడు. అది అయిపోయాక మళ్ళీ కొనే స్తోమత ఇంట్లో లేదు. అమ్మ ఇనప మూకుట్లో చక్కెర మాడ్చి, నీళ్ళు పోసి, నిమ్మ తొక్క వేసి కాచి, అదే సీసాలో నింపేది. కలిపేదాన్ని నేను. మీ నిపుణుడు పంతం పట్టిన ఆ రుచి నేను ఇప్పుడైనా టీ కాగేంతలో చెయ్యగలను. వాడికి నిజంగా జబ్బు చేసిన రోజున చేసి పోస్తాను. అప్పటిదాకా ఆ రుచి వాడికి దొరకకూడదు. దొరికితే ఇక వాడు నా ఇంటికి దేనికొస్తాడు?

అందుకని మీ నిపుణుడికి కాళ్ళు పట్టుకున్నట్టు చెప్పు. ప్రతిసారీ రుచి కొంచెం తప్పాలి. మరీ దూరం పోతే వాడు నీరుగారిపోతాడు, మరీ దగ్గరికొస్తే నా కొంప మునుగుతుంది. ఒక కుట్టు వదిలి కుట్టమను.

ఇట్లు,
టైలరు అక్క

తా.క. తియ్యటివి కాస్త తగ్గించి పంపండి. నాకు షుగరుంది, వాడికి చెప్పలేదు. గులాబీ మొక్కకు పొడి అయిపోయింది.

మళ్ళీ తా.క. గేటు చప్పుడైంది. జేబులో చెంచాలు గలగలమంటున్నాయి. నేను వెళ్ళి కాస్త నీరసంగా కూర్చోవాలి.