సగం నేసిన చీర

ధర్మవరం

పరిశోధన కేంద్రం అధికారి గారికి,

నమస్కారం. ప్రభుత్వం నిధులు ఆపినందువల్ల కీళ్ళవాతం మీద పరిశోధన మానేస్తున్నామనీ, మా అమ్మ సుబ్బలక్ష్మమ్మ ఇచ్చిన రక్తం నమూనాను పారవేయడానికి ఒప్పుకుంటున్నట్టు మీరు పంపిన కాగితం మీద ఆమె వేలిముద్ర వేసి పంపాలనీ మీరు రాశారు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి, అమ్మకు చదివి వినిపించాను.

అమ్మ వాచిన వేళ్ళను చూసుకుంటూ అంది: "దుడ్లు లేవంటనా? మన దగ్గర మాత్రం యాడుండాయి పాపా? అంతమాత్రాన నా జబ్బేమన్నా ఆగిందా?"

ఆగలేదు. అమ్మ మగ్గం మానేసింది. ఆమెకు జడ వేసి, అన్నం కలిపి పెట్టడానికి నేను కాలేజీ మానేశాను. జబ్బు ఖర్చంటే మందుల ఖర్చొక్కటే కాదు. ఆగిపోయిన అమ్మ పనిని, నా చదువును కూడా కలిపి చూస్తే, పరిశోధన ఖర్చు మీకు బరువనిపించదు.

మా వీధిలో నేసే మనిషి మంచాన పడితే, సగం నేసిన చీరను మగ్గం మీద నుంచి కోసేయరు. ఇంట్లో ఇంకొకరు మగ్గం కింది గుంటలోకి దిగి కూర్చుని పూర్తి చేస్తారు. అమ్మ ఆపిన చీరను నేనలాగే పూర్తి చేశాను. చెయ్యి మారిన చోటు తెలుస్తుంది, అయినా అది నిండు చీరే. మీరూ ఈ పనిని ఇంకొకరికి అప్పగించండి. కోసేయకండి.

మీ కాగితాన్ని వేలిముద్ర లేకుండానే తిప్పి పంపుతున్నాను. రక్తాన్ని భద్రంగా ఉంచండి. అమ్మ ఇంకో మాట కూడా రాయమంది: "చాలకుంటే ఇంకా ఇస్తా, వచ్చి తీసుకోమను."

సుబ్బలక్ష్మమ్మ కూతురు