ఆ చింపు నాది

ఫిబ్రవరి 1, 2009. ఆదివారం

చర్చి నుంచి రాగానే అమ్మా నేనూ తలుపు గడియ పెట్టుకున్నాం. అమ్మ జీన్స్ వాషింగ్ యూనిట్‌లో పద్నాలుగేళ్లుగా కొత్త బట్టను రాయితో రుద్ది పాతది చేస్తుంది. అక్కడ రిజెక్టయిన జీన్స్ కోటు ఒకటి తెచ్చింది. ఇంట్లో మాత్రం మా ఇష్టం. చింపుతాం, నల్లరంగు పూస్తాం, పిన్నులు గుచ్చుతాం. ఈసారి వీపు మీద రెక్కలా చింపి, అంచుకు ఎర్రదారం వంకరటింకరగా కుట్టాను. ఐడియా నాదే. ఒకచోట దారం తెగి పెద్ద ముడి పడింది. విప్పలేదు. పాస్టరమ్మ ప్రమీలమ్మ చూస్తే దయ్యం పట్టిందంటుంది. అననీ.

ఫిబ్రవరి 5

కోటు లేదు. అడిగితే, సుమ్నే, ఊరికే ఉండే యూనీస్, యాడికి పోతాది అంది అమ్మ.

ఫిబ్రవరి 6

వచ్చింది. మడత నాది కాదు. బ్లీచ్ వాసన.

ఫిబ్రవరి 9

అడగలేదు. కనిపెడుతున్నా.

మార్చి 27. సాయంత్రం 6

బ్రూస్‌పేటలో కారు దిగిందొక పిల్ల. సండూరులో గనులున్నవాళ్లంట. దాని వీపు మీద నా రెక్క! ఎర్రదారం. ముడితో సహా దించేశారు, ముడి కూడా డిజైనే అనుకున్నారు వెధవలు. సిగ్గు విడిచి అడిగాను. బెంగళూరులో కొన్నదంట.

తిరిగొస్తుంటే అమ్మతో పనిచేసే హొన్నమ్మక్క ఎదురైంది. మీ అమ్మకిప్పుడు రాయి పని లేదు, కొత్త మోడళ్లు చేసే సాంపుల్ రూమ్‌లో కుర్చీ వేసినారు, పేరు పెట్టి దీనమ్మ మేడం అంటాండారు అని మురిసిపోయింది. నెల దాటిందంట. అమ్మ ఇంట్లో తేలు కుట్టిన దొంగలా ఒక్క ముక్క చెప్పలేదు. ఒళ్లు మండిపోతోంది.

మార్చి 28

అడిగేశాను. ఎవరు చేశారని చెప్పావు అన్నాను. అమ్మ ఉల్లిపాయ కోస్తూనే ఉంది. నేనే అని చెప్పినా అంది చివరికి. సాంపుల్ రూమ్ మాస్టర్‌కు ఊరికే చూపిద్దామని కోటు పట్టుకపోయిందంట. ఇన్నేండ్లు రుద్దుతాండా, నా పేరేందో ఒకడు అడిగినోడు లేడు, ఆ పొద్దు అడిగితే నోరు ఆగలేదే అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కోపంతో. సోమవారం పోయి నిజం చెప్పమన్నాను. చెబితే కుర్చీ పోతుందని నాకు తెలుసు. అయినా అన్నాను.

మార్చి 30

చెప్పేసిందంట. మళ్లీ రాయి ఇచ్చారు. కూతుర్ని పంపమన్నాడంట మాస్టర్, అమ్మ కుర్చీలోకి.

పోతానన్నాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.