రూతు ఊదిన కొమ్ముబూర

శుక్రవారం రాత్రి, మలాజ్, రియాద్

సెలవు కదా అని బామ్మర్ది ప్రసాదు, నేను వ్యాన్ వేసుకుని రియాద్ దాటి ఎడారిలోకి వెళ్లాం. గదిలో బూర ఊదితే బిల్డింగంతా లేచి కూర్చుంటుంది. వచ్చే నెల ఊళ్లో నా భార్య రూతు జ్ఞాపకార్థ కూడిక. తన బూర నేనే ఊదాలని పాస్టర్‌గారు పట్టుబట్టారు. రూతు మందిరంలో ఊదితే వీధి చివరి దాకా వినబడేది. నాకు ఇన్నాళ్లూ ఉత్త గాలే వచ్చింది.

"బుగ్గలు ఉబ్బించమాక బావా. పెదాలు బిగబట్టి ఊదు. అక్క అట్టాగే ఊదేది," అన్నాడు ప్రసాదు.

ఈసారి మోగింది. మొదట గొర్రె అరిచినట్టు వణికి, తర్వాత నిలబడింది. నాకేమీ అనిపించలేదు. ప్రసాదు మాత్రం చప్పట్లు కొట్టి, తనూ ఊదుతానని బూర అందుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు.

"డెట్టాల్ వాసనేంది బావా?"

పనిలో ఏసీ డ్రెయిన్ పైపులు కడిగినట్టే నిన్న దీన్నీ డెట్టాల్ కలిపిన వేణ్ణీళ్లు పోసి కడిగానని చెప్పాను. లోపల జిడ్డు పేరుకుంది, అందుకే మోగడం లేదనుకున్నాను.

"జిడ్డు కాదు బావా అది. కొమ్ము పగలకుండా అక్క తన తలనూనె పట్టించేది."

తిరిగొచ్చేటప్పుడు ఏడుపొస్తుందేమోనని చూశాను, రాలేదు.

ఇందాక వాడు పడుకున్నాక కొబ్బరినూనె తెచ్చి కొమ్ము లోపలంతా రాశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొబ్బరినూనె వాసనే వచ్చింది.