నా మూరతో కట్టిన ఇల్లు

ఏమండీ,

మీరు వెళ్ళిపోయి ఏడాది దాటింది. గోదావరికి ఒక వరద వచ్చి తీసింది, ఒక శీతాకాలం వచ్చి వెళ్ళింది, మళ్ళీ ఎండలు ముదురుతున్నాయి. ఎలా ఉన్నారని అడిగితే మీరు చెప్పలేరు, చెప్పినా నేను వినలేను... కాబట్టి నా కబుర్లే చెబుతాను.

ఇల్లు పూర్తయింది. ముందు ఆ మాట చెప్పేశాను కదా, ఇక నెమ్మదిగా వినండి. మీరు గీసినట్టు మాత్రం కాలేదు. సగం మీది, సగం నాది. ఏ సగం ఎవరిదో తెలిశాక కోప్పడుదురుగాని.

మీరు వెళ్ళేనాటికి గోదావరి గట్టు మీద, నదికి ఎదురుగా ఉన్న మన స్థలంలో ఏముందని? ఒక పక్క ఇటుకలు, ఒక పక్క సున్నం గుంట, తాటాకు పాక కింద వడ్రంగి లింగాచారి గారు చేసిపెట్టిన టేకు కిటికీ చట్రాలు. పునాది తియ్యనేలేదు. గోడలు ఇంకా మీ కాగితం మీదే ఉన్నాయి.

ఆ కాగితం ఎన్నిసార్లు గీశారండీ! ధవళేశ్వరం ఆఫీసులో పగలంతా దొరల కోసం కాలవలూ లాకులూ గీసి, బండి దిగి కాళ్ళు కడుక్కోగానే మళ్ళీ గీతలే. మన అద్దె గదికి వీధి వైపు ఒక్క కిటికీ ఉండేది. నా రెండు అరచేతులూ అడ్డం పెడితే మూసుకుపోయేది. "ఇది గాలి కోసం పెట్టింది కాదే, గోడకి ముక్కుపుడక పెట్టారు" అనేవారు మీరు. గుర్తుందా?

ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూనే కుర్చీ గురించి మొదలుపెట్టారు. కొత్తగా వచ్చిన ఇంజనీరు దొరగారి వరండాలో చూశారట. చెక్కని ఆవిరిలో మెత్తబరిచి వంచి చేశారట, మొత్తం ఆరే ముక్కలట, ఒంటి చేత్తో ఎత్తెయ్యొచ్చట. "పువ్వు లేదు, లత లేదు, సింహం కాళ్ళు లేవు. కూర్చోడానికి ఎంత కావాలో అంతే ఉంది. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను" అన్నారు. అంతకుముందు వారమే ఏదో కాలవ పని మీద ఒక జమీందారు దివాణానికి వెళ్ళొచ్చారు. అక్కడ హాలు నిండా సీమ అద్దాలూ, చెక్కడాల బల్లలూ, ఆగిపోయిన గడియారాలూ... కూర్చోమన్నారు గానీ కూర్చోడానికి చోటు కనిపించలేదని నవ్వారు.

అలాంటి కుర్చీ ఒకటి కొందామా అని అడిగాను. "కుర్చీ ఎందుకు, అలాంటి ఇల్లే కట్టుకుందాం" అన్నారు. వస్తువు దేనికుందో ఆ పని చేస్తే చాలు, దానికి నగలెందుకు... ఇదీ మీ మాట. పెళ్ళినాడు నాకు నగలు పెట్టకపోవడానికి కూడా ఇదే కారణమా అని నేను అడిగితే వెంటనే పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టారు.

లింగాచారి గారు మొదటిసారి వచ్చి మీ మూర అడిగినప్పుడు మీరెంత నవ్వారు! ఇంటి యజమాని మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా కొలిచి, ఆ పొడుగున ఒక కర్ర కోసుకుని, ఇల్లంతా ఆ కర్రతోనే కొలవాలన్నారు ఆయన. ఇన్ని మూరల పొడుగు, ఇన్ని మూరల వెడల్పు అయితే ఆ ఇంట్లో మేలు జరుగుతుందని వాళ్ళ పెద్దల లెక్క, దాన్నే ఆయం అంటారు. మీరు అడుగుల కొలబద్ద చూపించారు. అడుగులు దొరవి, ఇల్లు మీది అన్నారాయన. ఇక చెయ్యి చాపక తప్పలేదు మీకు. మన మిషను పాదిరి అయ్యగారు వింటే మూఢనమ్మకమంటారని నా చెవిలో అన్నారు, అంటూనే మోచెయ్యి సరిగా ఆనించారు.

తరవాత కలప ఎంచడానికి గోదావరి ఎగువకి వెళ్ళారు. తెప్పల మీద వచ్చే టేకులో మంచిది ముందే పోతుందని, అడవిలోనే చూసుకుంటానని. వద్దంటే విన్నారా? టేకుతో పాటు మన్యం జ్వరం కూడా తెచ్చుకున్నారు. చట్రాలు పూర్తయ్యేదాకా విడిచి విడిచి వచ్చింది. పూర్తయ్యాక విడవలేదు.

ఆ రోజుల గురించి రాయను.

మీ అన్నగారు కొవ్వూరు నుంచి రేవు దాటి వచ్చారు. చెడ్డ మాట ఒక్కటీ అనలేదు, ఆ మాట చెప్పాలి. పిల్లలు లేరు, ఒంటరిదానివి, మా ఇంటికి వచ్చెయ్యమ్మా అన్నారు. స్థలంలో నాలుగు గోడలు లేపి, కిటికీలు మానేసి, పొగాకు కొట్టుగా అద్దెకిద్దామన్నారు. మిషను బడిలో నా పంతులమ్మ ఉద్యోగం మానెయ్యాలని నోటితో అనలేదు గానీ, కొవ్వూరు నుంచి రోజూ పడవ ఎక్కి బడికి ఎవరు పంపిస్తారండీ?

ఇల్లే కడతానన్నాను. సరే, ముందు పని మొదలవనీ అని ఆయన ఊరుకున్నారు. లింగాచారి గారిని పిలిపించాం.

ఆయన ఉత్త చేతులతో వచ్చారు. మీ మూర కర్ర ఏదని అడిగితే, మీరు పోయిన మర్నాడే గోదావరిలో వదిలేశానన్నారు. "పోయినవారి మూరతో గోడ లేపకూడదండి, పంతులమ్మగారూ. ఇంటి యజమాని ఎవరో చెప్పండి, వారి చెయ్యి కొలుచుకుంటాను."

బావగారు అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నారు.

ఆయనకి అది తప్పనిపించలేదు. ఇంట్లో మగవాడు ఆయనే కదా. కానీ ఆ చెయ్యి చూస్తుంటే నాకు ఒకటే తోచింది. ఈ చెయ్యి కొలిస్తే ఊరి కళ్ళకి ప్రతి ఇటుకా ఆయనదే. ఇవాళ మూర, రేపు కిటికీ, ఎల్లుండి నేను. ఏం చెయ్యనండీ, ఏం చెయ్యనండీ అని మిమ్మల్ని లోపలే అడిగాను.

నా చెయ్యి చాపాను. "ఇందులో ఉండేది నేనండీ. నాది కొలవండి."

గాజుల్లేని ఆ చేతిని చూసి లింగాచారి గారు ఆగిపోయారు. ఆడదాని మూరతో ఇల్లు కట్టడమేంటి, ఎక్కడైనా విన్నామా అని బావగారు గొణిగారు. పాదిరి అయ్యగారు పక్కనుంటే అసలు మూరే దండగ అనేవారు. నాకూ దాని మీద నమ్మకం లేదు. కానీ ఊరంతా నమ్మేది దాన్నే, అప్పుడు నేను వదిలేస్తే ఎలా?

లింగాచారి గారు ఇద్దరి వంకా చూసి ఒక్కటే అడిగారు. "ఇల్లు కురిస్తే కింద గిన్నె పెట్టేది ఎవరండి?"

నేనేనన్నాను. బావగారు మడిచిన చొక్కా చెయ్యి దించుకున్నారు. లింగాచారి గారు మోకాలి మీద కూర్చుని నా మోచేతికి కర్ర ఆనించారు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు, ఎందుకో తెలియదు. ఆపుకున్నాను.

ఇప్పుడు అసలు చిక్కు వినండి. మీ మూరకీ నా మూరకీ రెండు వేళ్ళ తేడా. ఏముందిలే అనుకున్నాను. ఆయం తప్పుతుంది కాబట్టి మూరల లెక్క కదపనన్నారాయన. లెక్క అదే, మూరే మారింది. మూరకి రెండు వేళ్ళు పోతే ఇంటి పొడుగున మంచం పట్టేంత చోటు పోయింది! గోడలు కుంచించుకుపోయాయి. చట్రాలు మాత్రం మీ మూరకి చేసినవి.

చట్రాలు కోసి చిన్నవి చేద్దామన్నారు. అక్కడ మొండికేశాను. ఏ కలప కోసం మీరు అడవికి వెళ్ళారో ఆ కలప మీద రంపం పెట్టనివ్వనన్నాను. ఆయం చూసేది గోడలకే గానీ కిటికీలకి కాదు కదండీ అని అడిగితే, ఆయన గడ్డం గోక్కుని కాదనే ఒప్పుకున్నారు.

తీరా దారం పట్టి ముగ్గు పోశాక, వీధి వైపు గీత మీద రెండు చట్రాలూ నిలబెట్టి చూస్తే మధ్యలో మిగిలింది జానెడు గోడ. ఇంత సన్నగోడ పైకప్పు మొయ్యదు, పగిలిపోతుందన్నాడు తాపీమేస్త్రీ. ఒక కిటికీ మూసేస్తే సరి అన్నారు బావగారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు నాకు. ఏమీ తోచక వీధి దాటి గట్టు అంచున నిలబడ్డాను.

ఎదురుగా గోదావరిలో కొత్త రైలు వంతెన స్తంభాలు. ఆదివారం మిషను గుడి నుంచి వస్తూ నన్ను అక్కడ ఎండలో నిలబెట్టి పాఠం చెప్పేవారు కాదూ! "చూడు, ఇంత బరువూ మోసేది స్తంభాలే. మధ్యలో గోడ ఏదీ? ఎప్పటికో ఇళ్ళు కూడా ఇలాగే కడతారు." ఇంట్లో రైలు పరిగెత్తదు కదా, పదండి, ఆకలేస్తోంది అనేదాన్ని నేను.

వెనక్కి వచ్చి, ఆ జానెడు గోడ కూడా తీసెయ్యమన్నాను. మధ్యలో లావుపాటి టేకు స్తంభం ఒకటి, రెండు చివర్లా రెండు. వాటి మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే దూలం. కప్పు బరువు దూలానిది, దూలం బరువు స్తంభాలది. ఇక కిటికీలు ఎంతుంటే గోడకేం? మేస్త్రీ నవ్వాడు. లింగాచారి గారు నవ్వలేదు, బొగ్గుముక్క తీసుకుని నేల మీద గీశారు, చెరిపారు, మళ్ళీ గీశారు. తరవాత లేచి, ఉన్నవాటిలో పొడుగు దూలం ఏదని అడిగారు.

ఇప్పుడు మనింటికి వీధి వైపు ఆ చివర నుంచి ఈ చివర దాకా కిటికీయే. పంతులమ్మ గోడ కట్టడం మర్చిపోయిందని రేవులో చెప్పుకుంటున్నారట. చెప్పుకోనివ్వండి.

ఇంతవరకూ మీకు నచ్చే ఉంటుంది. ఇకముందుది నచ్చదు.

మీ నక్షాలో కిటికీ కింది అంచు, కుర్చీలో కూర్చున్న మనిషి మోచేతి ఎత్తున ఉంది. కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. మనింట్లో కుర్చీలో కూర్చునేది ఎవరండీ? సాయంత్రం చదువుకోడానికి వచ్చే ఆడపిల్లలు చాప మీద కూర్చుంటారు. నాకు తోడుగా వచ్చి ఉంటున్న మా అమ్మ పీట మీద కూర్చుంటుంది. వాళ్ళకి ఆ కిటికీలోంచి కనిపించేది ఆకాశమే. మీ నక్షాలో కూర్చున్నది మీరొక్కరేనండీ.

"గీత ఖాయం చేశాక దాటకూడదు. దాటితే లాకు మునుగుతుంది" అనేవారు. ఆ మాట నన్ను ఎన్ని రోజులు తిననివ్వలేదో! బావగారితో పోట్లాడటం తేలిక, ఆయన ఎదురుగా ఉన్నారు. మీతో పోట్లాడాలంటే మీరేరీ? కిటికీ కిందికి దించనా, వద్దా? మీకు కష్టంగా ఉంటుందా? ఒక్క మాటైనా చెప్పరేం?

దించేశాను. మోకాలెత్తుకి. చట్రం కిందికి జరిగితే పైన మిగిలిన ఖాళీలో చెక్క జాలీ పెట్టించాను, వేడి గాలి అటే పోతుంది. చాప మీద కూర్చున్న పిల్లకి ఇప్పుడు పడవలూ, అవతలి ఒడ్డూ, నీళ్ళ మీద ఎండా అన్నీ కనిపిస్తాయి. పాఠం మాత్రం చెవికెక్కడం లేదు, అది నా కర్మ.

ఇంకో సంగతి. మీ కాగితం మీద వాన లేదండీ. మంగుళూరు పెంకు నున్నగా వేయించాను, చూరు మీరు గీసినంతే పొట్టిగా ఉంచాను. మొదటి తుఫానుకి జల్లు తిన్నగా గదిలోకి వచ్చింది. చాపలు తడిశాయి, పలకలు తేలాయి, గిన్నెలు చాలక బిందెలు కూడా పెట్టాను. వారం తిరక్కుండా వీధి వైపు చూరు కింద పొడుగునా తాటాకు పంచ వాలుగా దింపించాను. చూడటానికి మీ దొరగారి కుర్చీకి తలపాగా చుట్టినట్టుంది. కానీ వాన రాదు, ఎండాకాలం చల్లగా ఉంటుంది. ఆ పంచ దేనికుందో ఆ పని చేస్తోంది, ఇంకేం కావాలి?

మొన్న బావగారు వచ్చారు. దారినపోయేవాళ్ళందరికీ ఇల్లంతా కనిపిస్తోందని గుమ్మంలోనే అన్నారు. నాకూ వాళ్ళంతా కనిపిస్తారని చెప్పాను. చాప మీద కూర్చుని, కాసేపు నదికేసి చూసి, అదిగో మా కొవ్వూరు రేవు అన్నారు చిన్నపిల్లాడిలా. తరవాత మీ టేకు చట్రాన్ని అరచేత్తో నిమిరారు. ఆయన కూడా తమ్ముణ్ణి పోగొట్టుకున్నారు కదండీ. నా దుఃఖంలో పడి నేనా సంగతే మర్చిపోయాను.

వెళ్ళబోతూ మెల్లగా అన్నారు. "వాడి గుర్తుగా ఇల్లు నిలబెట్టావు, చాలమ్మా. ఇక తాళం వేసి మా దగ్గరికొచ్చెయ్యి."

"గుర్తుగా కట్టలేదండీ బావగారూ. ఉండటానికి కట్టుకున్నాను."

ఆ మాట నా నోటి నుంచి వచ్చేదాకా నాకే తెలియదు. ఆయన నా వంక చూసి, చెప్పులు వేసుకుని, ఈసారి మీ అక్కని కూడా తీసుకొస్తాను, కిటికీ దగ్గర కూర్చుంటుంది అని వెళ్ళిపోయారు. ఆయన పడవ అవతలి ఒడ్డు చేరేదాకా చూస్తూనే ఉన్నాను.

గోదావరి లంక ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు వరద రోజుల్లో ఇళ్ళకి వెళ్ళలేక బడి అరుగు మీదే పడుకుంటున్నారు. వాళ్ళ కోసం వచ్చే నెలలో వెనక వైపు ఒక గది మొదలుపెడుతున్నాను. అది మీ కాగితంలో లేదు. లింగాచారి గారితో మాట్లాడేశాను.

ఏడాదిపాటు ప్రతి ఇటుకకీ మిమ్మల్ని అడిగానండీ. ఈ గది గురించి అడగను. కట్టాక చెబుతాను.

మీ
రత్నమ్మ