కరిగే వల

మల్లేశన్నకు,

ఈసారి విత్తనాల పండగకి నన్ను శంకుదేవుడి దగ్గరికి రావద్దని మా అమ్మాయి భాను చేత కబురు పంపావు. "కడుపులో పరాయి వస్తువు ఎట్టుకుని ఇత్తనం ముట్టుకుంటే పంట పండదు. అది కరిగిపోయినాకే రమ్మను మీ అమ్మని" అన్నావట. నువ్వు ఊరి పూజారివి, నీ మాట ఎవరూ కాదనరు. అందుకే నేను కాదంటున్నాను.

కాఫీ పళ్ల బస్తాలు మోసి మోసి నాకు బొడ్డు పక్కన పేగు బయటికి తోసుకొచ్చింది. విశాఖలో డాక్టరమ్మ పొట్ట పెద్దగా కోయలేదు. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ లోపల వల లాంటి మెష్ అమర్చింది. అది కరగడానికి ఏడాది దాటుతుందని, ఆలోగా దాని మీద నా కండే అల్లుకుంటుందని చెప్పింది. నా కండ అల్లుకున్నది నాకు పరాయిది ఎలా అవుతుంది?

అమ్మ పోయాక మన ఇంటి చోళ్ల విత్తనాల బుట్ట దేవుడి ముందు పెట్టేది నేనే. బరువు ఎత్తవద్దన్నారు కాబట్టి ఈసారి బుట్ట భాను మోస్తుంది. మన విత్తనం మాత్రం అందరి విత్తనాల్లో నా చేత్తోనే కలుపుతాను.

ఘాట్ రోడ్డులో జీపు బోల్తా పడినప్పుడు నీ తొడలో ఇనుప రాడ్డు వేశారు. అది ఇంకా అక్కడే ఉంది. ఆ కాలితోనే ఏటేటా దేవుడి ముందు నిలబడి అందరి విత్తనాలూ ముట్టుకుంటున్నావు. పంట పండుతూనే ఉంది.

నా వల కరుగుతుంది. నీ రాడ్డు కరగదు. నన్ను ఆపాలనుకుంటే ముందు దాన్ని తీయించుకుని రా.

నీ చెల్లెలు