మింబర్ మెట్లు ఎటు దిగుతాయి

ఐసెలిన్,
జనవరి 18

ప్రియమైన బావా,

ఫోన్లో అడిగితే నవ్వి మాట మారుస్తావని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ కాపెల్ మసీదు కొత్త హాలుకి మింబర్ గీసే పని నాకే ఇచ్చారని సంబరంగా చెప్పావు. చివర్లో, వాన పడుతోందన్నంత మామూలుగా, ఎవడో ఫోన్ చేసి ఏదో ఒక శుక్రవారం జుమ్మా నమాజుకి వస్తానని బెదిరించాడన్నావు. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

అమెరికా రాకముందు మన ఊళ్ళో ఆడవాళ్ళం మసీదులోకి వెళ్ళేవాళ్ళం కాదు. ఇమాం ఎక్కి ప్రసంగించే ఆ మెట్ల పీఠాన్ని నేను మొదట చూసింది ఆర్కిటెక్చర్ కాలేజీ పుస్తకంలోనే. మా ఇంట్లో పుస్తకం పట్టిన మొదటి మనిషిని కాబట్టి, అడగడానికి కూడా ఎవరూ లేరు. ఇప్పుడు గీస్తుంటే అర్థమవుతోంది. మక్కా వైపు గోడలో మిహ్రాబ్ గూడు, దాని కుడి పక్కన మింబర్. చాలాచోట్ల ప్రవక్త గారి మీది గౌరవంతో పై మెట్టు ఖాళీగా వదిలి, కింది మెట్టు మీద నిలబడతారు. జనమంతా ఆ గోడకేసి కూర్చుంటారు. తలుపు వాళ్ళ వీపుల వెనక ఉంటుంది. హాలు మొత్తంలో తలుపుకేసి చూసేది మింబర్ మీదున్న మనిషొక్కడే. లోపలికొచ్చేవాడికి ముందు కనిపించేదీ అతనే.

వచ్చే శుక్రవారం ఖుత్బా ప్రసంగం చదివే వంతు నీదేగా. వద్దు బావా, ఎక్కకు.

భయంతో,
నీ మీరాంబీ


కాపెల్,
జనవరి 26

ప్రియమైన మీరా,

ఎక్కాను. కోప్పడకు. ఇక్కడ జీతానికి ఇమాం లేడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళమే వంతులేసుకుని ఖుత్బా ఇస్తున్నాం. నేను తప్పుకుంటే ఆ వంతు ఇంకొకడి మీద పడుతుంది. వాడికీ భార్య ఉంది.

ఈ అద్దె హాల్లో మింబరంటే రెండు చెక్కమెట్లే. రెండు ఖుత్బాల మధ్య కాసేపు కూర్చోవాలి కదా, అలా కూర్చున్నవాణ్ణి తలుపునే చూస్తూ రెండోది మొదలుపెట్టడం మర్చిపోయాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మాట తడబడింది. లేటుగా వచ్చేవాళ్ళు మనలో ఎంతమందో నీకు తెలుసు. తాళం వేద్దామంటే కమిటీ ఒప్పుకోలేదు. నమాజుకొచ్చినవాణ్ణి బయట నిలబెడతామా అన్నారు. గేటు దగ్గర ఒక పోలీసుని మాత్రం పెట్టారు.

నీ డ్రాయింగ్ చూపించాను. పెద్ద మింబర్ ముందుకి పొడుచుకొచ్చి మొదటి వరసని రెండుగా చీలుస్తుందనీ, పాత మొరాకో మసీదుల్లోలాగా చక్రాలు పెట్టి గోడలోని గదిలోకి తోసేయొచ్చనీ చెప్పాను. కమిటీ పెద్ద రహమతుల్లా అంకుల్ కళ్ళద్దాలు తీసి, "మింబర్‌కి చక్రాలేందయ్యా? నీ బీవీ ఏమన్న సూట్‌కేస్ గీసిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. చాలా రోజులకి నేనూ నవ్వాను.

వేళకి తింటావని ఆశిస్తూ,
నీ ఖాదర్


ఐసెలిన్,
ఫిబ్రవరి 2

ప్రియమైన బావా,

అంకుల్‌ని నవ్వనీ. ఆ గదిని మాత్రం నేను వదలను. జుమ్మా రోజు మింబర్ బయటికి లాగితే గది ఖాళీ అవుతుంది. దాని వెనక గోడకి ఆవరణలోకి తెరుచుకునే తలుపు పెట్టాను. జనం ముఖాలు ఎలాగూ అటే ఉంటాయి. లేచి ముందుకి నడిస్తే చాలు. ఆడవాళ్ళ హాలుకి వేరే తలుపుంది.

మక్కా వైపు గోడకి తలుపేమిటని అడిగితే, ఆ పాత మసీదుల్లో మిహ్రాబ్‌కి అటొకటి ఇటొకటి తలుపులుండేవనీ, ఒకటి మింబర్ గదికీ ఒకటి ఇమాం రావడానికీ అనీ చెప్పు. ఫొటోలు పంపుతున్నాను. అసలు కారణం కూడా దాచకు. భయపడి గీశానని చెప్పు.

నా H-1B వీసా అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా నీ పక్కన ఉండలేను. ఆ తలుపైనా ఉండనీ.

నీ మీరాంబీ


ఐసెలిన్,
సెప్టెంబర్ 29

ప్రియమైన బావా,

కొత్త హాలు ఫొటోలు చూశాను. గదీ, దాని వెనక తలుపూ నేను గీసినట్టే కట్టారు. మింబర్ చాలా బాగుందని అందరూ అన్నారట. నేను మాత్రం ఒక్క ఫొటో దగ్గరే ఆగిపోయాను. మెట్లు ఎటు దిగుతున్నాయో చూశావా? జనం వైపు, వాళ్ళ వీపుల వెనకున్న తలుపు వైపు. ఎక్కడైనా అంతే ఉంటాయి, అందుకే గీసేటప్పుడు తట్టలేదు. అందరికీ దారి గీశాను, నీకు గీయలేదు. అందరూ ముందుకి వెళ్తే, నువ్వు ఎదురుగా దిగి మళ్ళీ తిరిగి రావాలి.

నిన్న ఫోన్లో చెబితే "సరే, చూద్దాం" అన్నావు. ఆ "సరే" నాకు తెలుసు. వెనక వైపు మెట్లతో మళ్ళీ గీసి పంపుతున్నాను. అవి కట్టేదాకా ఎక్కకు. ఈ శుక్రవారం వంతు మార్చుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను.

మీరాంబీ


కాపెల్,
అక్టోబర్ 4

ప్రియమైన మీరా,

బాగానే ఉన్నానని ఫోన్లో చెప్పాను. అంత మాత్రం చెప్పి పెట్టేశాను. మిగతాది రాస్తున్నాను.

రెండో ఖుత్బా మొదలుపెట్టాను. లేటుగా వచ్చేవాళ్ళ మధ్య కలిసి గేటు దగ్గరి పోలీసుని దాటినట్టున్నాడు, ఒకతను బూట్లు విప్పకుండా లోపలికొచ్చాడు. తివాచీ మీద బూట్లు చూడగానే నాకు తెలిసిపోయింది. చేతిలో పొడవాటి సంచి. దాని జిప్ ఇరుక్కుపోతే పెనుగులాడుతున్నాడు. అరిస్తే అందరూ వెనక్కి తిరిగి చూస్తారని, ఖుత్బా చదివే గొంతుతోనే ఇంగ్లీషులో చెప్పాను: "అందరూ లేవండి. వెనక్కి చూడొద్దు. నా పక్క నుంచి ముందుకి నడవండి."

ఖుత్బా నడుస్తుంటే మాట్లాడకూడదు కదా. ఎందుకని ఒక్కరూ అడగలేదు. వరసలు వరసలుగా లేచి నీ తలుపులోంచి వెళ్ళిపోయారు. ముందు బయటపడినవాళ్ళు గేటు దగ్గరి పోలీసు కోసం పరిగెత్తారు.

హాలు ఖాళీ అయ్యాక నేను దిగాలి. మెట్లు నువ్వన్నట్టే అతని వైపే దిగుతాయి. దిగాను. ఎలా దిగానో అడగకు. అతను మనుషుల వీపులు ఉంటాయని వచ్చినట్టున్నాడు. ఖాళీ తివాచీలకేసి, నాకేసి మార్చి మార్చి చూస్తూ ఆగిపోయాడు. అప్పుడే పోలీసు వెనక నుంచి అతన్ని పడదోశాడు. సంచిలో తుపాకీ ఉంది.

నీ కొత్త డ్రాయింగ్ ఈరోజే అందింది. రహమతుల్లా అంకుల్ చాలాసేపు చూశాడు. వెనక మెట్లు వెంటనే కట్టిద్దామన్నాడు. వచ్చే శుక్రవారం ఎవరెక్కుతారని అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు. నేనూ ఎత్తలేదు మీరా. చివరికి ఆయనే అన్నాడు: "నేనెక్కుత. మోకాళ్ళు పనిజేస్తలేవు, ఎవరన్న చెయ్యి పట్టుకోవాలె."

పట్టుకుంటానన్నాను.

నీ ఖాదర్